ఆకాశంలో హాజరు

మా విశ్వవిద్యాలయంలో చేరడం తేలిక. ఇంటర్ పాసైన వాళ్లెవరైనా చేరొచ్చు. బయటపడటమే కాస్త శ్రమతో కూడిన పని. పట్టా పుచ్చుకుని బయటపడటానికి మామూలుగా మూడేళ్లు పడుతుంది. పట్టా వద్దు మొర్రో అంటూ బయటపడటానికి ఎన్నాళ్లు పడుతుందో, మట్టా ఎస్తేరు అనే పిల్ల వచ్చేదాకా ఎవరూ లెక్క చూడలేదు.

నా పేరు కర్రి సూరన్న. గౌతమీతీర విశ్వవిద్యాలయంలో సర్టిఫికెట్ల సెక్షన్‌కి సూపరింటెండెంటుని. చేరిన రోజున పిల్లలు తమ పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్స్ తెచ్చి మాకు అప్పజెబుతారు. మేం వాటిని ఇనప బీరువాలో పెట్టి తాళం వేస్తాం. ఎందుకు పెడతారని పిల్లలు అడగరు, ఎందుకు పెడుతున్నామని మేమూ అడగం. నాకంటే ముందు పనిచేసినాయన పెట్టాడు కనక నేనూ పెడుతున్నాను. అలా పెట్టుకోకూడదని పైనుంచి రెండుసార్లు ఉత్తరాలొచ్చాయి. వాటిని కూడా అదే బీరువాలో భద్రంగా పెట్టాం.

ఆ ఏడు డిసెంబరులో మాకు గ్రేడు ఇచ్చే బృందం రావలసి ఉంది. కిందటిసారి వాళ్లు వచ్చినప్పుడు, చదువు మధ్యలో మానేసిన వాళ్ల సంఖ్య చూసి గ్రేడు ఒక మెట్టు దించి వెళ్లారు. ఉపకులపతిగారికి అది బాగా కోపం తెప్పించింది. పిల్లలు ఎందుకు మానేస్తున్నారో కనుక్కోవడం పెద్ద పని కాబట్టి, మానేయడాన్నే మాన్పించాలని ఆయన నిశ్చయించారు. ఏదో సదస్సుకి వెళ్లి వచ్చిన మర్నాడే ‘సంపూర్ణ నిలుపుదల పథకం’ ప్రకటించి, పద్నాలుగో నంబరు ఉత్తర్వు జారీ చేశారు. అందులో ముఖ్యమైన వాక్యం నాకు కంఠతా వచ్చు.

‘ఏ విద్యార్థి గాని, విద్యార్థిని గాని పట్టా పొందకయే విశ్వవిద్యాలయమును వీడదలచినచో, తాము పోవుచున్న మార్గము పట్టా కంటె గురుతరమైనదని తులనా సంఘము ఎదుట నిరూపించుకొనవలెను. అంతవరకు సదరు వ్యక్తి ఒరిజినల్ పత్రములు విడుదల చేయబడవు.’

మంచి ఉత్తర్వు. మూడు నెలలపాటు ఎవరూ నిరూపించుకోలేకపోయారు. మానేసిన వాళ్ల సంఖ్య సున్నా దగ్గర నిలబడి ఉంది.

నవంబరు పదకొండున ఎస్తేరు మా కిటికీ దగ్గరికి వచ్చింది. బీయస్సీ రెండో ఏడు, రోల్ నంబరు రెండొందల పదిహేడు. ఇరవయ్యేళ్ల పిల్ల, సన్నగా, ఎండకి కందిన మొహం. వాళ్ల నాన్న దానియేలు గోదావరి మీద జనాన్ని దాటించే పంటు నడిపే సరంగు. ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరాన కొత్తమెరకలో యుద్ధకాలం నాటి రన్‌వే ఒకటుంది, దాని మీద చిన్న ఫ్లయింగ్ క్లబ్బు నడుస్తోంది. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద ఆ పిల్ల అక్కడ విమానం నేర్చుకుంటోందని నాకు అప్పుడే తెలిసింది. ఒక విమాన సంస్థ తీసుకుంటామని ఉత్తరం పంపింది. డిసెంబరు పదిహేనున హైదరాబాదులో హాజరై ఇంటర్ ఒరిజినల్స్ చూపించాలి. ఆ రోజు చూపించకపోతే ఆ చోటు తర్వాతి వాళ్లకి వెళ్లిపోతుంది.

“ఇంటర్ చాలంటండి. డిగ్రీ అడగలేదండి,” అంది.

అందులోనే తప్పుందని నాకు తోచింది. బస్సు కండక్టరుకి డిగ్రీ అడుగుతున్న రోజుల్లో విమానం నడిపేవాళ్లకి అడగకపోవడమేమిటి? ఏదేమైనా కాగితం కాగితమే. దరఖాస్తు పుచ్చుకుని, తేదీ ముద్ర కొట్టి, తులనా సంఘానికి పంపాను. ఒరిజినల్స్ నా వీపు వెనకే, నాలుగడుగుల దూరంలో ఉన్నాయి.

తులనా సంఘం నవంబరు పద్దెనిమిదిన సమావేశమైంది. రిజిస్ట్రారు ఆచార్య పరంజ్యోతిగారు అధ్యక్షులు. తత్వశాస్త్ర ఆచార్యులొకరు, వాణిజ్యశాస్త్ర ఆచార్యులొకరు సభ్యులు. మినిట్సు రాయడానికి నేను. ఆ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టారు.

వాణిజ్యశాస్త్రం ఆయన ముందుగా అందుకున్నారు. పైలట్ ఉద్యోగం అరవై అయిదేళ్లకి అయిపోతుంది, డిగ్రీ చచ్చేదాకా ఉంటుంది, కాబట్టి అరవై అయిదు దాటాక ఏం చేస్తావని అడిగారు. దానికింకా నలభై అయిదేళ్లుంది కదండీ అంది ఆ పిల్ల. ముందుచూపు లేదని రాయమన్నారు, రాశాను. తత్వశాస్త్రం ఆయన మరికాస్త లోతుకి వెళ్లారు. విమానం దిగిన పైలట్ ఇక పైలట్ కాదనీ, డిగ్రీ ఉన్నవాడు నిద్రలో కూడా గ్రాడ్యుయేటేననీ అన్నారు. ఇది చాలా బాగుందని రిజిస్ట్రారుగారు మెచ్చుకుని, రెండోసారి చెప్పించుకున్నారు.

తర్వాత రిజిస్ట్రారుగారు ముందుకి వంగారు.

“ఆకాశమధ్యమున యంత్రము ఆగిపోయినదనుకొనుము. చేతిలో డిగ్రీ అయినను లేదు. అప్పుడేమి చేయుదువు?”

“కిందికి దింపుతానండి.”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కష్టం వచ్చినప్పుడు దిగిపోయే స్వభావం ఉందని రాయమన్నారు. అదీ రాశాను.

అయినా తీర్పు తేలలేదు. రెంటినీ తూచాలంటే రెంటికీ ఒకటే కొలత ఉండాలి. డిగ్రీని క్రెడిట్లలో కొలుస్తాం, విమానాన్ని గంటల్లో కొలుస్తారు. గంటకెన్ని క్రెడిట్లో చెప్పడానికి ఒక ఉపసంఘం కావాలి, ఉపసంఘం వెయ్యడానికి పాలకమండలి కూర్చోవాలి, పాలకమండలి ఫిబ్రవరిలో గాని కూర్చోదు. డిసెంబరు పదిహేనులోపు కుదరదా అని ఆ పిల్ల అడిగింది. విమాన సంస్థ తేదీకి విశ్వవిద్యాలయం కట్టుబడి ఉండదని రిజిస్ట్రారుగారు చెప్పారు.

అప్పుడు ఫైలు తిరగేస్తూ ఆయన ఇంకో సంగతి కనిపెట్టారు. ఆ పిల్లకి హాజరు తక్కువైంది. డెబ్బై అయిదు శాతానికి పంతొమ్మిది రోజులు తగ్గాయి. ఇది చాలా గంభీరమైన విషయమన్నారు. సక్రమంగా హాజరు కాని వాళ్లు సక్రమమైన విద్యార్థులు కారు, సక్రమమైన విద్యార్థులు కానివాళ్లకి సక్రమంగా మానేసే హక్కు లేదు. ముందు హాజరు పూర్తి చేస్తే, మిగతా సంగతి పెద్ద మనసుతో ఆలోచిస్తామన్నారు.

ఆ పిల్ల వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. మర్నాటి నుంచీ క్లాసులో కూర్చుంటే పంతొమ్మిది రోజులు నిండుతాయి. కాని లైసెన్సుకి ఆమె ఇంకా పదహారు గంటలు విమానం నడపాలి. క్లబ్బులో ఉన్నది ఒకటే విమానం, దానిలో ఆమె వంతు పొద్దున పది నుంచి పదకొండు. క్లాసు పదీ పదికి. క్లాసులో కూర్చుంటే లైసెన్సు రాదు, విమానంలో కూర్చుంటే సర్టిఫికెట్లు రావు. ఆ మాటే ఆ పిల్ల సంఘానికి చెప్పింది. నాకు జాలేసింది. జాలికి మినిట్సులో చోటుండదు కాబట్టి రాయలేదు.

చిక్కు విప్పింది మా న్యాయ సలహాదారు. ఆయన రెండు రోజులు పాత దస్తావేజులు తిరగేసి, విశ్వవిద్యాలయానికి భూమి రాసిచ్చిన జమీందారుగారి దానపత్రం పట్టుకొచ్చారు. నిధి, నిక్షేప, జల, తరు, పాషాణములతో సహా అష్టభోగములనూ దఖలు పరచడమైనదని అందులో ఉంది. నేల కింద ఉన్నదీ మనదే, నేల మీద ఉన్నదీ మనదే. ఆకాశం మాటేమిటని రిజిస్ట్రారుగారు అడిగారు. జమీందారుగారు ఆకాశాన్ని తన దగ్గర ఉంచుకుంటున్నట్టు ఎక్కడా రాసుకోలేదు కాబట్టి అదీ మనకే వచ్చినట్టని సలహాదారుగారు సెలవిచ్చారు.

అంచేత విశ్వవిద్యాలయం మీద ఎగురుతున్న విద్యార్థిని విశ్వవిద్యాలయంలో ఉన్నట్టే. ఆ మేరకు ఉత్తర్వు వెలువడింది. ‘సదరు విద్యార్థిని తరగతి వేళలయందు ప్రాంగణ గగనతలమున సంచరించుచు హాజరు పొందవచ్చును. సంబంధిత అధ్యాపకుడు మేడపై నుండి పిలువవలెను.’ ఎస్తేరు ఆ కాగితం రెండుసార్లు చదివి, ఇది చేస్తే ఇస్తారాండి అని నన్నే అడిగింది. హాజరు పూర్తయితే ఇవ్వకపోవడానికి కారణం ఉండదన్నాను. అది నిజమనే నేను అనుకున్నాను.

సంబంధిత అధ్యాపకుడు వెలగల చంటిబాబు. స్టాటిస్టిక్స్ చెబుతాడు. అతనిది ఏడాదికోసారి పొడిగించే తాత్కాలిక ఉద్యోగం, మేడెక్కమంటే ఎక్కుతాడు, నూతిలోకి దిగమంటే దిగుతాడు. నవంబరు ఇరవై ఒకటో తేదీ పొద్దున హాజరు పట్టీ చంకలో పెట్టుకుని సైన్సు భవనం మేడెక్కాడు. హాజరు తరగతిలోనే వెయ్యాలని నియమం ఉంది కాబట్టి మిగతా యాభై ఎనిమిది మందినీ కూడా మేడెక్కించాడు.

పదీ పన్నెండుకి తూర్పు నుంచి తెల్లటి చిన్న విమానం వచ్చింది.

“రెండొందల పదిహేడు,” అని చంటిబాబు మైకులో అరిచాడు.

విమానం ఎడమ రెక్క ఒకసారి వంచి లేపింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. చంటిబాబు టిక్కు పెట్టాడు. విమానం గోదావరి వైపు వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి ఎస్తేరుకి మెమో తయారైంది. తరగతి నిడివి యాభై నిమిషాలు కాగా, విద్యార్థిని ప్రాంగణంలో ఉన్నది నాలుగు సెకన్లు. ఆలస్యంగా వచ్చి, అధ్యాపకుని అనుమతి లేకుండా నిష్క్రమించడం క్రమశిక్షణారాహిత్యం. మొదటి తప్పుగా క్షమించడమైనది, ఇకపై పూర్తి సమయం ఉండాలి. ఆ పిల్ల మెమో మీద సంతకం పెట్టి, సరేనంది. మర్నాటి నుంచి పది నుంచి పదకొండు దాకా మా నెత్తి మీద గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఎలాగూ ఆమెకి గంటలు కావాలి, ఎక్కడ తిరిగితేనేం.

మిగతా క్లాసులకి చెవులు దిబ్బళ్లు పడ్డాయి. తెలుగు శాఖలో పద్యం చదివితే వినబడటం లేదని ఫిర్యాదు వచ్చింది. కింద ఉన్నవాళ్లకి హాజరు, పైనున్నవాళ్లకి హాజరు, మరి మధ్యలో ఉన్న మా సంగతేమిటని కొందరు పిల్లలు వాదనకి దిగారు. కాంపౌండు గోడ అవతల మామిడి చెట్టు కొమ్మ ఒకటి ఇవతలికి వాలి ఉంది. దాని మీద కూర్చున్న ఇద్దరిలో, కొమ్మ చివరన ఉన్నవాడికి మాత్రం హాజరు వేశారు. మొదట్లో ఉన్నవాడు పురపాలక సంఘం పరిధిలోకి వస్తాడని తేలింది.

ఎనిమిదో రోజున మబ్బు పట్టింది. చప్పుడు వినబడుతోంది, విమానం కనబడటం లేదు. చంటిబాబు మూడుసార్లు పిలిచి, గైర్హాజరు వేశాడు. ఎస్తేరు మధ్యాహ్నం పరుగెత్తుకుంటూ వచ్చింది. యాభై నిమిషాలూ తిరిగానండి, మీకు వినబడలేదా అని అడిగింది. వినబడిందన్నాను. కాని గొంతు విని హాజరు వేస్తే ప్రాక్సీలు పెరుగుతాయని మాకు ఎప్పటినుంచో ఒక నియమం ఉంది. ఒకరి బదులు ఒకరు పలకడం మా పిల్లలకి వెన్నతో పెట్టిన విద్య. ఇప్పుడు పదమూడో తేదీ దాకా ఒక్క రోజు కూడా తప్పకూడదు. ఆమె ఆకాశం వైపు చూసుకుంటూ వెళ్లిపోయింది.

ప్రాక్సీ అనే మాట ఒకసారి ఫైల్లో పడ్డాక ఊరికే ఉండదు. అసలు ఇన్నాళ్లూ ఆ విమానంలో ఉన్నది ఎస్తేరేనని రుజువేమిటని రిజిస్ట్రారుగారికి అనుమానం వచ్చింది. ఎవరు రెక్క ఊపినా ఒకలాగే ఉంటుంది. పరీక్షల స్క్వాడు అధిపతి డాక్టర్ రామభద్రంగారు స్వయంగా విమానంలోకి వెళ్లి, గుర్తింపు కార్డు తనిఖీ చేసి రావాలని ఆదేశించారు.

రామభద్రంగారు భూగోళ శాస్త్రం ఆచార్యులు. కాపీ కొట్టేవాళ్లని పట్టడంలో ఆయనకి పెట్టింది పేరు. బెంచీ కింద దూరి చీటీ లాగగల మనిషి విమానం అనేసరికి నీరుగారిపోయారు. ఇంటికి వెళ్లి చెప్పి వచ్చారు. సాక్షిగా నేను రన్‌వే దాకా వెళ్లాను. ఆయన ఆ పిల్ల పక్క సీటులో కూర్చుని, బెల్టు బిగించుకుని, కార్డు చూపించమన్నారు. చూపించింది. ఫొటోతో పోల్చి చూసుకున్నారు. పని అక్కడే అయిపోయింది, దిగిపోవచ్చు. కాని తనిఖీ గగనతలంలోనే జరగాలని ఉత్తర్వులో ఉంది.

విమానం లేచింది. గంట తర్వాత దిగింది. రామభద్రంగారు దిగి, కాసేపు రెక్క పట్టుకుని నిలబడ్డారు. వాంతి అవుతుందేమోనని నేను సీసాతో నీళ్లు తీసుకెళ్లాను. ఆయన అవి తాగలేదు.

“సూరన్నగారూ, ముప్ఫయ్యేళ్ల నుంచి గోదావరి పాయలు బోర్డు మీద గీస్తున్నానండి. ఒక్కసారీ సరిగ్గా గియ్యలేదు,” అన్నారు.

కారులో కూర్చున్నాక, ఆ పిల్లని ఇక్కడ కట్టిపడెయ్యడం పాపమండీ అన్నారు నెమ్మదిగా. నివేదికలో రాయండి మరి అన్నాను. నివేదికలో ‘గుర్తింపు కార్డు సరిపోయినది’ అని మాత్రం రాశారు. పాపం అన్న గడి ఆ నమూనాలో లేదు.

డిసెంబరు పన్నెండున గ్రేడు బృందం దిగింది. ముగ్గురు పెద్దమనుషులు, మెడలో పూలదండలతో ప్రాంగణంలో నడుస్తున్నారు. పదీ పది అయింది. మేడ మీద నుంచి మైకులో అంకెలు వినబడుతున్నాయి. రెండొందల పదిహేడు అనగానే నెత్తి మీద విమానం రెక్క వంచింది. ముగ్గురూ ఆగిపోయారు. ఇదేమిటని పెద్దాయన అడిగారు. ఉపకులపతిగారు ఒక్క క్షణం తడబడి, అంతలోనే సర్దుకున్నారు.

“గగనతల అభ్యసనమండి. విద్యార్థి ఎచ్చటనున్న అచ్చటికే మా విశ్వవిద్యాలయము పోవును.”

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పైకి చూశారు. దేశంలో ఇంకెక్కడా ఇలాంటిది చూడలేదన్నారు. అది అబద్ధం కాదు. మర్నాడు సాయంత్రం వెళ్లేముందు మాకు అన్నింటికంటే పై గ్రేడు రాసిచ్చారు. ఈ అనుభవంతో వెంటనే విమానయాన విభాగం తెరిచి, మూడేళ్ల పట్టా కోర్సు పెట్టాలని సిఫారసు కూడా చేశారు. మానేసిన వాళ్ల సంఖ్య సున్నా అని ఆ నివేదికలో ఎర్ర సిరాతో గీత గీశారు. అదే రోజు పొద్దున ఎస్తేరుకి పంతొమ్మిదో టిక్కు పడింది. లైసెన్సు గంటలూ నిండాయి.

పద్నాలుగో తేదీ పదకొండు గంటలకి ఆమె వచ్చింది. వెంట వాళ్ల నాన్న దానియేలు. సాయంత్రం అయిదున్నరకి హైదరాబాదు బస్సు. సంచీ కూడా తెచ్చుకుంది. నేను ఫైలు పట్టుకుని రిజిస్ట్రారుగారి గదికి వెళ్లాను. మూడింటికి గాని పిలుపు రాలేదు. వచ్చాక చేతిలో పెట్టిన ఉత్తర్వు ఇది.

‘సదరు విద్యార్థిని గడచిన పంతొమ్మిది దినములు విమానము నడుపుచునే తరగతులకు సక్రమముగా హాజరైనది. కావున విమానము నడుపుటకై చదువు మానవలసిన అవసరము లేదని ఆమెయే నిరూపించినది. దరఖాస్తు తిరస్కరించడమైనది. నూతన విభాగమునకు ఆమె ప్రథమ విద్యార్థినిగా పరిగణింపబడుచున్నందున, ఆమె పత్రములు విభాగ స్థాపన నిమిత్తము భద్రపరచవలెను.’

అయ్యా, రేపే ఆఖరి తేదీ అన్నాను. ఒక పిల్లకి ఉద్యోగం పోతుందన్నాను. ముప్ఫయ్యొక్కేళ్లలో ఆ గదిలో నేను రెండు వాక్యాలు కలిపి మాట్లాడటం అదే మొదలు. రిజిస్ట్రారుగారు కోప్పడలేదు. నిన్ననే వచ్చిన గ్రేడు, ఇవాళ ఒక్కరు మానేసినా నివేదిక అబద్ధమవుతుంది, విశ్వవిద్యాలయం గొప్పదా ఒక మనిషి గొప్పా అని ఎంతో శాంతంగా అడిగారు. ఎంతైనా ఆయన కూడా రెండేళ్లలో ఉపకులపతి కావలసిన మనిషి.

తిరిగొచ్చి ఉత్తర్వు కిటికీలోంచి అందించాను. ఎస్తేరు చదివింది. ఏడవలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టింది. దానియేలుకి చదువు రాదు, కూతురి మొహం చూసి గ్రహించాడు. గొడవ పెడతాడేమోనని నేను కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాను. అతను కిటికీ ఊచలు పట్టుకుని, నెమ్మదిగా అడిగాడు.

“ఏవండీ, మా పంటులో మనిషి దిగుతానంటే రేవుకి కట్టి దింపుతామండి. ఎందుకు దిగుతున్నావని అడగమండి. అతగాడి మూట మా దగ్గరుంటే ముందు మూట చేతికిస్తామండి. ఆ బీరువాలో ఉన్నది మీ పిల్ల మూట కాదు కదండీ?”

దీనికి జవాబు కోసం నేను నిబంధనలన్నీ మనసులో తిరగేశాను. నాకు కంఠతా రాని నిబంధన లేదు. ఒక్కటీ పనికి రాలేదు. సిగ్గేసింది. నా కడుపున పుట్టిన పిల్ల కాదు, నా సొత్తు కాదు, నేను రాసిన పరీక్ష కాదు. నెల రోజులుగా ఆ పిల్ల చదివి తెచ్చుకున్న కాగితాలని నా వీపు వెనక పెట్టుకుని, ఆ పిల్ల చేత ఆకాశంలో గానుగ తిప్పించాను. ఉత్తర్వులు రాసినవాళ్లు వేరే, తాళం వేసిన చెయ్యి నాదే.

లేచి బీరువా తెరిచాను. రెండొందల పదిహేడో నంబరు కవరు తీసి, కాగితాలు లెక్క చూసి, కిటికీలోంచి ఇచ్చాను. అందినట్టు ఆమె చేత సంతకం పెట్టించాను.

“మీకేమన్నా అవుతుందాండి?” అంది.

“బస్సుకి టైమవుతోంది, వెళ్లమ్మా,” అన్నాను.

ఎస్తేరు మర్నాడు హైదరాబాదులో ఒరిజినల్స్ చూపించింది, ఉద్యోగంలో చేరింది. ఇప్పుడు పెద్ద విమానంలో కో-పైలట్‌గా కుడి సీటులో కూర్చుంటోంది. ఆమె కథ అక్కడికి సుఖాంతం. నా కథే మిగిలింది.

చేసింది దాచుకునే అలవాటు లేదు కనక, నేనే రిజిస్ట్రారుగారికి రాసి ఇచ్చాను. పలానా తేదీన, పలానా విద్యార్థిని పత్రాలు, ఉత్తర్వుకి విరుద్ధంగా నేను ఇచ్చేశాను, చర్య తీసుకోగలరని. ఆమె సంతకం కూడా జత చేశాను. సస్పెండు చేస్తారనుకున్నాను. ఇంట్లో కూడా చెప్పి ఉంచాను. నిజం చెప్పాలంటే, ఆ కాగితం రాసేటప్పుడు చాలా ఏళ్ల తర్వాత ఒళ్లు తేలిగ్గా అనిపించింది.

రిజిస్ట్రారుగారు తలుపు వేయించి, నన్ను కూర్చోమన్నారు. అదీ మొదటిసారే.

“సూరన్నగారూ, మీరు ఇవ్వలేదు.”

“ఇచ్చానండి.”

“ఇచ్చినచో ఆమె వెళ్లినట్లు. ఆమె వెళ్లినచో సున్నా ఒకటగును. ఒకటి అయినచో గ్రేడు పోవును. కావున మీరు ఇవ్వలేదు.”

నా కాగితం నా చేతికే తిరిగి వచ్చింది. ఇంకో రెండుసార్లు పంపాను, రెండుసార్లూ వచ్చింది. మార్చిలో జరిగిన సభలో పత్రాల సంరక్షణలో చూపిన అసాధారణ నిష్ఠకి నాకు శాలువా కప్పారు. వద్దనడానికి నోరు తెరిచేసరికి ఫొటో తీసేశారు.

ఎస్తేరు మా విద్యార్థినిగానే కొనసాగింది. చంటిబాబు రోజూ మేడెక్కి ఆమె నంబరు పిలిచేవాడు. దూరాన ఏదైనా విమానం కనబడితే హాజరు వేసేవాడు, కనబడకపోతే డేగనో గద్దనో చూసి వేసేవాడు. అతని ఉద్యోగం పర్మనెంటయింది. విమానయాన విభాగానికి అధిపతిగా, విమానాల గురించి రెండు పుస్తకాలు రాసి, రైల్లో తప్ప ప్రయాణం చెయ్యని డాక్టరేటుగారిని నియమించారు. ఎస్తేరుని ఒకసారి పాఠం చెప్పడానికి పిలుద్దామని రామభద్రంగారు అన్నారు గాని, డిగ్రీ లేనివాళ్లు పాఠం చెప్పడానికి అర్హులు కారు. ఆ లోటు మూడో ఏడు ముగిశాక జరిగిన స్నాతకోత్సవంలో తీరింది. హాజరు బాగున్నందుకు ఇచ్చిన మార్కులతో ఆమె ద్వితీయ శ్రేణిలో ఉత్తీర్ణురాలైంది. పట్టా తీసుకోవాలంటే ఇంటర్ ఒరిజినల్స్ చూపించాలి, అవి మా బీరువాలోనే ఉన్నాయి కాబట్టి చూపించినట్టే. ఫోను చేసి చెబితే ఆ పిల్ల చాలాసేపు నవ్వింది. తర్వాత, మీరు బాగున్నారా సార్ అని అడిగింది.

పోయిన నెల నేను రిటైరయ్యాను. బీరువా అప్పగించే జాబితా మూడు రోజులు కూర్చుని నా చేత్తో రాశాను. రెండొందల పదిహేడో నంబరు ఎదురుగా, ‘ఇంటర్ ఒరిజినల్స్: డిసెంబరు పద్నాలుగున ఉత్తర్వు లేకుండా నేను ఇచ్చివేశాను’ అని రాశాను. జాబితా రిజిస్ట్రారుగారి దగ్గరికి వెళ్లి వచ్చింది. ఆ ఒక్క వాక్యం కొట్టేసి, పైన ఎర్ర సిరాతో ‘బీరువాలో ఉన్నవి’ అని రాసి, సంతకం చేశారు.

నా తర్వాత ఆ కుర్చీలోకి వచ్చినతను ముప్ఫై అయిదేళ్లవాడు, నెమ్మదస్తుడు. జాబితా పట్టుకుని ఒక్కొక్క కవరూ చూసుకుంటూ వచ్చాడు. రెండొందల పదిహేడు దగ్గర ఆగాడు. ఇక్కడేమీ లేదేమిటండీ అని అడిగాడు. ఉన్నదున్నట్టు మొదటి నుంచీ చెప్పాను, పంటు సరంగు అడిగిన మాటతో సహా. అతను శ్రద్ధగా విన్నాడు. మంచి పని చేశారండీ అన్నాడు కూడా. ఆ తర్వాత కాసేపు ఆ ఖాళీ చోటు కేసి చూసి, పెన్ను తీసి, ‘అందినవి’ అని రాసి సంతకం పెట్టాడు.